ఎక్స్‌పీ, విండోస్ 7 మధ్య నేరుగా లాన్ కేబుల్: పింగ్ ఒకవైపు నుంచే వెళ్తోంది

డీటీపీ_షాపు:
అందరికీ నమస్కారం. మాది పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే చిన్న షాపు. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఉన్న పాత సిస్టంలో ఎక్స్‌పీ ప్రొఫెషనల్, సర్వీస్ ప్యాక్ 3 ఉంది. ప్రింటర్లు తగిలించిన రెండోది విండోస్ 7. ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్‌తోనే నడిపించాం కానీ కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల పుణ్యమా అని షార్ట్‌కట్ వైరస్ గోల ఎక్కువైంది, అందుకని రౌటర్, స్విచ్ ఏమీ లేకుండా రెండింటి మధ్య ఒక లాన్ కేబుల్ వేశాం. ఎక్స్‌పీకి 192.168.0.1, విండోస్ 7కి 192.168.0.2 ఇచ్చాను, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే అడ్రస్) ఖాళీ. వర్క్‌గ్రూప్ పేరు ఒకటే. ఎక్స్‌పీలో ఒక ఫోల్డర్ షేర్ చేశాను.

విండోస్ 7 నుంచి ఎక్స్‌పీకి పింగ్ (అవతలి సిస్టం జవాబిస్తుందా అని చూసే చిన్న పరీక్ష) కొడితే రిప్లై వస్తోంది. ఎక్స్‌పీ నుంచి ఇటు కొడితే మాత్రం రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. మై నెట్‌వర్క్ ప్లేసెస్‌లో రెండో సిస్టం అసలు కనబడదు. క్రాస్ కేబుల్ వేయలేదు కాబట్టే ఇలా అని రిపేరు చేసే కుర్రాడు అంటున్నాడు, ఇంకొకాయన లాన్ కార్డు మార్చమంటున్నాడు. దేనికి డబ్బు పెట్టాలి?

కేబుల్_బాబాయ్:
ముందు క్రాస్ కేబుల్ కొట్టించండి బ్రదర్. పాత 10/100 కార్డులకి పిన్నులు 1-3, 2-6 మారాల్సిందే, అంటే ఒక చివర నారింజ జత ఉన్న చోట రెండో చివర ఆకుపచ్చ జత రావాలి. తర్వాత మిగతావి చూద్దాం.

పాత_సామాను:
బాబాయ్, మీరు చెప్పింది రెండు వైపులా పాత కార్డులే ఉన్నప్పుడు నిజం. ఇక్కడ మాత్రం కేబుల్ బాగానే ఉంది. పింగ్‌కి రిప్లై రావాలంటే ప్యాకెట్ వెళ్లాలి, తిరిగి రావాలి కదా, అంటే ఒక వైపు నుంచి పింగ్ పని చేసిందంటే వైరు రెండు దిశల్లోనూ మోస్తున్నట్టే. బహుశా విండోస్ 7 సిస్టంలో గిగాబిట్ పోర్టు ఉండి ఉంటుంది, అలాంటివి చాలావరకు జతలను వాటంతట అవే మార్చుకుంటాయి, ఒక వైపు ఉన్నా సరిపోతుంది. కాబట్టి కేబుల్, కార్డు, ఐపీ మూడూ వదిలేయండి, రూపాయి పెట్టొద్దు.

అడ్డం పడుతున్నది విండోస్ 7 ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా. గేట్‌వే లేని కనెక్షన్‌ని అది అన్ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని పబ్లిక్‌లో (నమ్మలేని బయటి నెట్‌వర్క్‌ల లెక్కలో) పడేస్తుంది, పబ్లిక్‌లో షేరింగ్ మూసేసి ఉంటుంది, పింగ్‌కి కూడా జవాబివ్వదు. నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌కి వెళ్లి పబ్లిక్ కింద ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే తెరుచుకుంటుంది. అదే సిస్టం బయట వైఫైకి కూడా కలుస్తుంటే మాత్రం ఇది చేయకండి.

నిజానికి మీకు అది కూడా అక్కర్లేదు. విండోస్ 7 దగ్గర కూర్చుని విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి \\192.168.0.1 అని కొట్టండి. ఫైళ్లు ఎక్స్‌పీలో ఉన్నాయి, ప్రింటర్లు ఇటు ఉన్నాయి, ఇటు నుంచి లాగితే చాలు. మై నెట్‌వర్క్ ప్లేసెస్‌లో పేరు కనబడిందా లేదా అన్నది పట్టించుకోకండి, ఆ జాబితా ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. చాలామంది అక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

డీటీపీ_షాపు:
అన్నా, తెరుచుకుంది! పాస్‌వర్డ్ కూడా అడగలేదు. రెండు సందేహాలు. ఇటు నుంచి ఆ ఫోల్డర్‌లో ఏమీ సేవ్ చేయనివ్వడం లేదు. రెండోది, కొన్ని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, అదే ఫోల్డర్‌లో ఉన్న ఇంకొన్నిటికి యాక్సెస్ డినైడ్ అంటోంది.

పాత_సామాను:
ఎక్స్‌పీలో సింపుల్ ఫైల్ షేరింగ్ ఆన్‌లో ఉంటే నెట్‌వర్క్ మీద వచ్చిన ప్రతివాళ్లనీ గెస్ట్ కిందే చూస్తుంది, అందుకే పాస్‌వర్డ్ అడగలేదు. సేవ్ కావాలంటే ఆ ఫోల్డర్ షేరింగ్ ట్యాబ్‌లో 'అలౌ నెట్‌వర్క్ యూజర్స్ టు ఛేంజ్ మై ఫైల్స్' అన్న దానికి టిక్ పెట్టండి.

రెండోదానికి, ఆ ఫైళ్లు మై డాక్యుమెంట్స్ నుంచి కట్ చేసి ఇక్కడ పేస్ట్ చేసినవా? ఎన్‌టీఎఫ్ఎస్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లనీ వాటి పర్మిషన్లనీ దాచే పద్ధతి) ఒకే డ్రైవ్ లోపల కట్ చేసి మారిస్తే పాత పర్మిషన్లు వాటితోపాటే వచ్చేస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు పడతాయి. ఆ ఫైళ్లను ఎక్స్‌పీలోనే షేర్ ఫోల్డర్‌లోకి మళ్లీ కాపీ చేసి, పాతవి తీసేయండి.

కేబుల్_బాబాయ్:
సరే, కేబుల్ విషయంలో తగ్గాను. ఒక్క మాట, ఆ టిక్ పెట్టాక సీ డ్రైవ్ మొత్తం షేర్ చేసే పని పెట్టుకోకు తమ్ముడూ. వైరస్ అటు నుంచి ఇటు రావడానికి పెన్‌డ్రైవే కావాలని లేదు.

రాత్రి_షిఫ్ట్:
నేనూ డీటీపీనే. పేజ్‌మేకర్ ఫైల్‌ని నెట్‌వర్క్ మీదే తెరిచి పని చేయొద్దు, మధ్యలో కేబుల్ కదిలితే ఫైల్ పోతుంది. ఇటు కాపీ చేసుకుని తెరువు. ఫొటోలు లింక్‌లో పెట్టినవైతే వాటినీ కలిపి ఒకే ఫోల్డర్‌గా తెచ్చుకో, లేకపోతే లింక్ దొరకడం లేదని అడుగుతూనే ఉంటుంది. ఇటు అను ఫాంట్లు లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలే, అప్పుడు అటే పీడీఎఫ్ చేసి తెచ్చుకోవడం మేలు.

ఇంకోటి, ముందుముందు ఆ విండోస్ 7ని విండోస్ 10 చేసే ఆలోచన ఉంటే గుర్తు పెట్టుకో, ఎక్స్‌పీకి తెలిసింది ఎస్ఎంబీ 1 (నెట్‌వర్క్ మీద ఫైళ్లు షేర్ చేసే పాత పద్ధతి) ఒక్కటే, 2017 చివరి నుంచి వచ్చిన విండోస్ 10లో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అది ఉండకపోవచ్చు. అప్పుడు విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి దాన్ని పెట్టుకోవాలి, భద్రత తక్కువ కాబట్టి ఇంటర్నెట్ తగిలించిన సిస్టంలో నేనైతే పెట్టను.

డీటీపీ_షాపు:
రెండూ అయిపోయాయి, అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయి. ఇటు అను ఫాంట్లు ఉన్నాయిలే. ఇంటర్నెట్ రెండింటికీ లేదు, విండోస్ 10 జోలికి ఇప్పట్లో వెళ్లం.