హీరో కళ్లతో నడిచే యాక్షన్ సినిమాలు వీడియో గేముల నుంచి ఏం తీసుకున్నాయి?

కాలువగట్టు (అమలాపురం):
నమస్కారమండీ. కొబ్బరితోటలో మొదలై కాలువ గట్టు మీదుగా రేవులోని పంటు (మనుషులను, బండ్లను నీరు దాటించే పెద్ద పడవ) దాకా సాగే ఒక పరుగు సన్నివేశాన్ని, పూర్తిగా హీరో కళ్లకు కనిపించినట్టే లఘుచిత్రంగా తీస్తున్నాము. హెల్మెట్‌కు కెమెరా బిగించి తీసిన దృశ్యాలు చూస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. ఇదే తరహా గేము గంటల తరబడి ఆడినా మాకెవరికీ ఆ ఇబ్బంది రాదు. గేముల నుంచి మేము తీసుకోవలసినది ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

గోదారిగాలి (భీమవరం):
కెమెరాను హీరో కళ్ల స్థానంలో పెట్టడం గేములతో మొదలైనది కాదండీ. 1947లోనే రాబర్ట్ మాంట్‌గోమరీ ‘లేడీ ఇన్ ది లేక్’ను దాదాపు మొత్తం అలా తీశారు. గేములు ఇచ్చినది ఆ చూపుకు ఒక పని. 1993 నాటి ‘డూమ్’లో తెర అడుగున ఆయుధం పట్టిన చెయ్యి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, ఆ గేము ఆధారంగా 2005లో వచ్చిన సినిమాలోనూ కొన్ని నిమిషాల పోరాటాన్ని అదే పద్ధతిలో చూపించారు. ఇల్యా నైషుల్లర్ తీసిన ‘హార్డ్‌కోర్ హెన్రీ’ (2015) ఇంకా ముందుకు వెళ్లి, ముఖానికి తొడిగిన గోప్రో కెమెరాలతో, మాట రాని హీరోతో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెబుతూ ఉండే మరొక పాత్రతో సినిమా అంతా నడిపింది. ‘హాఫ్ లైఫ్’ (1998) గేములోనూ హీరో నోరు విప్పడు కనుక, అది ఆడినవారికి ఆ మౌనం కొత్త కాదు.

పాతరీలు (రాజమహేంద్రవరం):
కళ్లు తిరగడానికి అసలు కారణం, గేములో చూపు మన చేతిలో ఉండటం, సినిమాలో లేకపోవడం. గేములో తల ఎటు తిప్పబోతున్నామో మెదడుకు ముందే తెలుసు. సినిమాలో కన్ను పరుగెత్తుతున్నామంటుంది, లోపలి చెవి కుర్చీలోనే ఉన్నామంటుంది. ఆ పొత్తు కుదరకే వికారం పుడుతుంది. అందుచేత కెమెరా తిరిగే ప్రతిసారీ ముందుగా ప్రేక్షకుడికి ఒక కారణం ఇవ్వండి: ఎడమవైపు ఎండు కొబ్బరిమట్ట విరిగిన చప్పుడు వినిపించాక ఎడమకు తిరిగితే, ఆ తిరగడం ప్రేక్షకుడు కోరుకున్నదే అవుతుంది. పారిపోయేవాడిని వీలైనంతసేపు తెర మధ్యలోనే ఉంచండి.

లాకులదగ్గర (పాలకొల్లు):
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒకటి కలుపుతాను. 2017 కొరియన్ సినిమా ‘ది విలనెస్’ ఆరంభ పోరాటం కథానాయిక కళ్లతోనే సాగి, ఆమె తల అద్దానికి తగిలిన చోట కెమెరా బయటికి వచ్చి ఆమెను చూపిస్తుంది. మీరు కూడా పంటు మీదికి దూకేటప్పుడు బయటికి రండి. అంతవరకు ఒక షాటును మరొక షాటుతో కలిపే అతుకులను, కొబ్బరి మాను దగ్గరగా వచ్చి తెరను నింపిన క్షణంలో వేస్తే ఎవరికీ తెలియవు.