మా స్ట్రైకర్ మీద కేసు పడింది, సెమీఫైనల్‌లో ఆడించాలా?

ప్రశ్న: క్లబ్ కార్యదర్శి

మాది చిన్న ఫుట్‌బాల్ క్లబ్. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లే. కార్యదర్శి అంటే పేరు పెద్దదే గానీ, బంతులు కొనడం దగ్గర్నుంచి రిజిస్ట్రేషన్ ఫారాలు నింపడం దాకా అన్నీ నా నెత్తి మీదే.

మా స్ట్రైకర్ తనను కొట్టాడని అతని భార్య పోలీసులకు ఫిర్యాదు చేసింది. కేసు నమోదైంది. బెయిల్ మీద బయటికొచ్చి, ఏమీ జరగనట్టు ప్రాక్టీస్‌కి వచ్చేశాడు. వచ్చే ఆదివారం సెమీఫైనల్. ఈ సీజన్‌లో మేం కొట్టిన గోల్స్‌లో సగానికి పైగా అతనివే.

సీనియర్లు "అది వాళ్లింటి గొడవ, మనకెందుకు" అంటున్నారు. కెప్టెన్ ఇంకో అడుగు ముందుకేసి, అందరం కలిసి వెళ్లి ఆవిడతో మాట్లాడి కేసు వెనక్కి తీయిద్దాం అంటున్నాడు. స్ట్రైకర్ మాత్రం నాతో ఒంటరిగా "అన్నా, ఆ రోజు కోపం ఆపుకోలేకపోయా, నా చేతిలో లేదు" అన్నాడు. కొట్టిన మాట నిజమేనన్నమాట. కానీ కోర్టు ఇంకా ఏమీ తేల్చలేదు కదా. ఇప్పుడే పక్కన పెడితే మేమే తీర్పు చెప్పినట్టవుతుందా? మా నియమావళిలో ఫీజు ఎగ్గొడితే ఏం చేయాలో ఉంది, దీని గురించి ఒక్క ముక్క లేదు.

జవాబు: గ్యాలరీ అభిమాని

ఆడించండి. శ్రీలంక క్రికెటర్ గుణతిలక సంగతి గుర్తుందా? 2022 నవంబర్‌లో లైంగిక దాడి ఆరోపణ మీద సిడ్నీలో అరెస్టయ్యాడు, బోర్డు వెంటనే సస్పెండ్ చేసింది. 2023 సెప్టెంబర్‌లో కోర్టు నిర్దోషి అంది. మధ్యలో పోయిన ఆట ఎవరు తిరిగిస్తారు? బాక్సర్ మేవెదర్‌కైతే మాజీ ప్రియురాలిని కొట్టిన కేసులో శిక్ష పడ్డాక కూడా, 2012 మేలో కోటోతో బౌట్ ఉందని జైలుకెళ్లే తేదీని జడ్జే జూన్‌కి జరిపారు. కోర్టుకే లేని తొందర మీకెందుకు?

జవాబు: పాత కోచ్

కార్యదర్శి గారూ, ముందు ఒక పని చేయండి. మీ రికార్డు పుస్తకం తీసి, మీవాడు ఈ సీజన్‌లో ఎన్ని ఎర్రకార్డులు తిన్నాడో చూడండి.

ఎందుకంటే స్ట్రైకర్ అనేవాడు మైదానంలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తినేవాడు. డిఫెండర్ మోచేత్తో పొడుస్తాడు, మడమ తొక్కుతాడు, చెవి దగ్గరికొచ్చి అమ్మనో అక్కనో తిడతాడు. న్యాయమైన గోల్‌ని రిఫరీ ఆఫ్‌సైడ్ అంటాడు. అప్పుడు కోపం రాదా? వస్తుంది. అయినా చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు అడుగులు అవతలికి వెళ్లిపోతాడు. ఆ అలవాటు వాడికి పుట్టుకతో రాలేదు, నాలాంటివాళ్లం ఏళ్ల తరబడి అరిచి అరిచి నేర్పింది. కోపం ఆపుకోవడంలో మామూలు మనిషి కంటే ఆటగాడికే తర్ఫీదు ఎక్కువ. తొంభై నిమిషాలు చేతిలో ఉన్న కోపం ఇంటి గుమ్మం దాటగానే ఎలా జారిపోయింది? ఇక్కడ కార్డు ఉంది, అక్కడ లేదు. అంతే తేడా. "నా చేతిలో లేదు" అన్న మాటకి మీరు తలూపొద్దు. కోపం తగ్గించే క్లాసులకి పంపేస్తే సరిపోతుందనీ అనుకోవద్దు. వాడికి రానిది కోపం ఆపుకోవడం కాదు, ఎవరి దగ్గర ఆపుకోవాలో వాడు ముందే తేల్చుకున్నాడు.

ఇక తీర్పు సంగతి. జైలు శిక్ష వేయడం కోర్టు పని. జెర్సీ ఇవ్వాలా వద్దా అన్నది మీ పని. ఈ రెండూ ఒకటి కాదు. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు 2015లో ఆటగాళ్ల సంఘంతో కలిసి గృహహింస మీద ఒక విధానం రాసుకున్నారు. విచారణ జరిగేటప్పుడు ఆటగాడిని జీతంతో సెలవులో పెట్టొచ్చు, కోర్టులో నేరం రుజువు కాకపోయినా లీగ్ చర్య తీసుకోవచ్చు. 2016లో చాప్‌మన్ అనే పిచర్ మీద ప్రాసిక్యూటర్లు కేసే పెట్టలేదు, అయినా 30 మ్యాచ్‌ల నిషేధం పడింది. అభిమాని గారూ, గుణతిలక విషయంలో మీరన్నది నిజమే, నిర్దోషి అని తేలాక బోర్డు నిషేధం ఎత్తేసింది కూడా. అందుకే ఇప్పుడు చేసేది తాత్కాలికంగా పక్కన పెట్టడమే అవ్వాలి. గోడ మీద పేరు రాయడం, గ్రూపులో పెట్టి తిట్టడం వద్దు. మేవెదర్ ఉదాహరణ మాత్రం మీరు తేవాల్సింది కాదు. బౌట్ కోసం జైలు వాయిదా పడటం మనం సిగ్గుపడాల్సిన సంగతి.

ఇలాంటి పనికి శిక్ష ఎంతో ముందే రాసుకోకపోతే ఏమవుతుందో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రే రైస్ వ్యవహారం చూడండి. 2014 ఫిబ్రవరిలో కాబోయే భార్యను ఒక క్యాసినో లిఫ్ట్‌లో కొట్టాడు. స్పృహ లేని ఆమెను లిఫ్ట్‌లోంచి ఈడుస్తున్న వీడియో ఆ నెలలోనే బయటికొచ్చింది. అక్కడి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వేసింది రెండు మ్యాచ్‌ల నిషేధం. సెప్టెంబర్‌లో లోపల కొట్టిన వీడియో కూడా బయటపడేసరికి జట్టు అదే రోజు తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. అతను చేసిన పని ఏమైనా మారిందా? మనం చూసింది మారింది. చివరికి నవంబర్‌లో ఆర్బిట్రేటర్ ఆ రెండో శిక్ష చెల్లదంటూ కొట్టేశారు. మొదట బుజ్జగించి, తర్వాత జనానికి భయపడి వేటు వేస్తే ఇలాగే ఉంటుంది.

అదే కథలో నన్ను బాగా కలచివేసింది ఇంకొకటి. మేలో జట్టు పెట్టిన ప్రెస్ మీట్‌లో ఆమెను అతని పక్కనే కూర్చోబెట్టారు. ఆ రాత్రి జరిగినదాంట్లో తన పాత్రకు ఆమె విచారిస్తోందని జట్టే ట్వీట్ చేసింది! దెబ్బలు తిన్న మనిషి చేతే విచారం చెప్పించారు. మీ కెప్టెన్ చేద్దామంటున్నదీ అదే బాపతు. దయచేసి ఎవరూ ఆవిడ గుమ్మం తొక్కొద్దు. మంచి మాట చెప్పడానికే వెళ్లామన్నా, సాక్షిని ప్రభావితం చేశారని మీ మెడకే చుట్టుకోవచ్చు.

క్లబ్ కార్యదర్శి

పుస్తకం చూశాను సార్. ఎర్రకార్డు ఒక్కటీ లేదు. ఒకే ఒక్క పసుపు కార్డు ఉంది, అదీ గోల్ కొట్టిన సంతోషంలో జెర్సీ విప్పినందుకు. నాకు ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

ఒక్క సందేహం. ఆవిడే వచ్చి "ఆడనివ్వండి" అంటే?

జవాబు: ఒక హాకీ ఆటగాడి మాజీ భార్య

అనొచ్చు. నేనూ అన్నాను. మా ఇంటికి జట్టు జట్టంతా వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు "మాతో ఎప్పుడూ అలా ఉండడు వదినా" అన్నారు. నిజమే, వాళ్లతో ఉండేవాడు కాదు. ఆ మాట విన్నాక నేను చెప్పేది ఎవరూ నమ్మరని అర్థమైంది. టోర్నమెంట్ పోతే ఆ కసి నా మీదే తీర్చుకుంటాడని కూడా తెలుసు. అందుకే ఆడనివ్వండి అన్నాను.

కాబట్టి కార్యదర్శి గారూ, నిర్ణయం ఆవిడ నెత్తిన పెట్టకండి. అడగనే వద్దు. ఇది కమిటీ నిర్ణయమని, ఆవిడ మాటతో సంబంధం లేదని లేఖలో స్పష్టంగా రాయండి. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ లేఖ అతని చేతికి ఇచ్చే ముందే ఆవిడకి తెలియాలి. మీరు నేరుగా వెళ్లకుండా, కేసు చూస్తున్న పోలీసు అధికారి ద్వారానో ఆవిడ లాయర్ ద్వారానో చెప్పించండి. వేటు పడిన రోజు రాత్రి అతను ఎక్కడికెళ్తాడో మీకు తెలియదు.

పాత కోచ్

అమ్మా, ఈ ముందు చెప్పడం అన్నది నాకు తట్టలేదు. కార్యదర్శి గారూ, ముందు అది చేయించి, తర్వాతే లేఖ ఇవ్వండి. లేఖలో "దోషి" అన్న మాట వద్దు. కేసు తేలేదాకా మ్యాచ్‌లకీ ప్రాక్టీస్‌కీ దూరంగా ఉండాలి, కమిటీ ఫలానా తేదీన మళ్లీ చూస్తుంది, ఇంతవరకు చాలు. నిర్దోషిగా తేలితే ఏం చేస్తారో కూడా రాయండి.

కుర్రాళ్లతో మాత్రం మీరే మాట్లాడండి, పోస్టర్లు అంటించి వదిలేయకండి. కాలిఫోర్నియాలో హైస్కూల్ జట్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2012లో అచ్చయింది. అక్కడ కోచ్‌లే సీజన్ పొడవునా వారానికోసారి కాసేపు అమ్మాయిలతో ఎలా మసలుకోవాలో మాట్లాడారు. తోటివాడు తప్పుగా ప్రవర్తిస్తే అడ్డుపడటం ఆ జట్లలో మెరుగ్గా కనిపించింది. నేను నా జూనియర్లతో వార్మప్ అయ్యాక మాట్లాడతాను. మొదట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

క్లబ్ కార్యదర్శి

ఆ అధికారితో మాట్లాడాను, ఆవిడకి కబురు అందింది. లేఖ ఈ సాయంత్రం ఇస్తున్నాం. ముందు వరసలో అండర్-19 కుర్రాణ్ని దింపుతున్నాం. కెప్టెన్ మాత్రం తనూ ఆడనని అలిగి వెళ్లిపోయాడు.

పాత కోచ్

ఆ మాటేదో కాగితం మీద రాసిమ్మనండి. రాసిస్తే వైస్ కెప్టెన్‌కి ఈ రాత్రే ఫోన్ చేయండి.