బావి మోటారు ఏడు నెలల్లో రెండుసార్లు కాలింది: అల్యూమినియం వైండింగ్ వేయించొచ్చా?

జగిత్యాల రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. బావి మీద 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోనోబ్లాక్ (పంపు, మోటారు ఒకటిగా ఉండేది) మోటారు ఉంది. నాన్న కొని పదకొండేళ్లయింది, మొన్నటి యాసంగి దాకా ఒక్కసారి కూడా కాలలేదు. అప్పుడు కాలితే టౌన్‌లో వైండింగ్ చేయించాం. ఏడు నెలలు తిరగకుండానే మళ్లీ పోయింది. వరి పొట్ట దశలో ఉంది, నాన్నకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఈసారి వేరే షాపుకు తీసుకెళ్తే, "అల్యూమినియం వేస్తా, కాపర్ కంటే చాలా తక్కువలో అయిపోతుంది, గేజ్ (వైరు మందం) కొంచెం లావు పెడతా, తేడా ఏం ఉండదు" అంటున్నాడు. కరెంటు స్తంభాల మీదంతా అల్యూమినియమే కదా, అది ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉంటుంటే మోటారులో ఎందుకు ఉండదని నాన్న అడుగుతున్నాడు. నాకు జవాబు తెలియలేదు. ఇంకోటి, మొదటి షాపువాడు వేసింది నిజంగా కాపరేనా అని ఎలా తెలుసుకోవాలి?

వైండింగ్ మేస్త్రి, అనంతపురం:

తమ్ముడూ, మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్న. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా, కాబట్టి కొంచెం వివరంగా చెబుతా.

స్తంభం మీద తీగకు చోటు కొరత లేదు. ఎంత లావైనా పెట్టుకోవచ్చు, చుట్టూ గాలి చల్లార్చుతుంది. అక్కడ చూసుకోవాల్సింది బరువు. కాపర్ ఘన సెంటీమీటరుకు దాదాపు 9 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములే. కరెంటు మోయడంలో అల్యూమినియం కాపర్‌లో 61 శాతమే, నిజమే. కానీ తీగను కోస్తే కనిపించే వైశాల్యం 1.6 రెట్లు పెంచితే ఆ లోటు తీరిపోతుంది. అంత లావు చేశాక కూడా బరువు కాపర్ తీగలో సగం కూడా ఉండదు. అల్యూమినియానికి లాగుడు బలం తక్కువ కాబట్టి లైన్ తీగల మధ్యలో ఉక్కు తీగ పెడతారు. అక్కడ అదే సరైన లోహం.

ఇప్పుడు మోటారు లోపలికి రా. స్టేటర్‌లో, అంటే కదలకుండా ఉండి వైండింగ్‌ను మోసే ఇనుప భాగంలో, స్లాట్లు ఉంటాయి చూడు, ఆ గాడి కంపెనీవాడు కాపర్ లెక్కకు కోసింది. మేం ఇన్సులేషన్ కోసం లెదరాయిడ్ పేపర్ వేసి, వైరు దించి, చివరి నాలుగైదు చుట్లను వెదురు పుల్లతో నొక్కినొక్కి కూర్చోబెడతాం. పైన వెదురు చీలిక కొట్టేసరికి గోరు దూరేంత సందు కూడా మిగలదు. అందులో 1.6 రెట్లు చోటు ఎక్కడి నుంచి వస్తుంది? "గేజ్ లావు పెడతా" అనే మాట అక్కడే తేలిపోతుంది. లావు పెట్టాలంటే చుట్లు తగ్గించాలి. చుట్లు తగ్గితే స్టాంపింగుల (స్టేటర్ ఇనుప రేకుల) మీద అయస్కాంత భారం పెరుగుతుంది, ఖాళీగా తిరిగినా మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. చుట్లు తగ్గించకుండా పాత గేజే వేస్తే, అదే కరెంటుకు వేడి 1.6 రెట్లు పుడుతుంది. పైగా కాపరైనా అల్యూమినియమైనా ప్రతి 10 డిగ్రీల వేడికీ నిరోధం దాదాపు 4 శాతం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. ఇన్సులేషన్ సంగతి మా పనిలో అందరికీ తెలిసిందే: 10 డిగ్రీలు ఎక్కువ కాగితే ఆయుష్షు సగం.

మీ మోటారు 415 వోల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు లాగుతుందనుకో. పల్లెల్లో లైన్ 350కి పడిపోతే అదే పనికి 9 ఆంపియర్ల దాకా పోతుంది. కాపరే ముక్కుతూ మూలుగుతూ తట్టుకునే చోట అల్యూమినియం నిలబడదు.

జాయింట్ల గోల వేరే. అల్యూమినియాన్ని గీకిన మరుక్షణమే పైన ఆక్సైడ్ పొర కడుతుంది, మామూలు సోల్డరు దానికి పట్టదు. బయటికి వచ్చే కాపర్ లీడ్ తీగతో మెలేసి వదిలేస్తే, వేడికి రెండూ ఒకేలా పెరగవు. కాపర్ ఒక పాలు పెరిగితే అల్యూమినియం ఒకటింపావు పైనే. రోజూ కాగి, చల్లారి జాయింటు వదులై అక్కడే మాడుతుంది.

అల్యూమినియం చెడ్డ లోహం అని మాత్రం అనను. మీ మోటారు రోటర్‌లో (లోపల తిరిగే భాగంలో) పోత పోసింది అల్యూమినియమే. మొదటి నుంచీ దాని లెక్కకే స్లాట్లు పెద్దవి పెట్టి చేసిన మోటార్లూ ఉన్నాయి. కాపర్ గాడిలో అల్యూమినియం దూర్చడమే తప్పు.

పరీక్ష సులువు. కాలిన కాయిల్‌లో ఒక తీగను పదునైన కటింగ్ ప్లేయర్‌తో కోసి, కోసిన ముఖాన్ని ఫోన్ టార్చ్ వెలుగులో చూడు. పైపైన గీకి చూస్తే చాలదు, పైన కాపర్ పూత, లోపల అల్యూమినియం ఉండే వైరు కూడా దొరుకుతోంది. మధ్య దాకా ఎర్రగా ఉంటే కాపర్.

జగిత్యాల రైతుబిడ్డ:

అన్నా, కోసి చూశాను. మూడు చోట్ల కోశాను, లోపల దాకా ఎరుపే. అంటే అతను మోసం చెయ్యలేదు, నేనే అనవసరంగా అనుమానించాను. మరి అసలు కాపరే వేస్తే ఏడు నెలలకే ఎందుకు కాలింది? ఆ వైండింగ్ చేయించినప్పటి నుంచీ మోటారు వేడిగానే ఉండేది, పైన చెయ్యి పెట్టి నాలుగు అంకెలు లెక్కపెట్టలేకపోయేవాళ్లం. పాతప్పుడు అలా లేదని నాన్న అంటున్నాడు.

పాలిటెక్నిక్ టీచర్:

బాబూ, పాత వైండింగ్ ఎలా తీశారో గుర్తుందా? వైరు బాగున్నా కోర్ (స్టేటర్ ఇనుము) వేడెక్కుతోందంటే అనుమానం ఇనుము మీదికే పోతుంది. స్టేటర్ ఒకే ముద్ద కాదు, చాలా మోటార్లలో అర మిల్లీమీటరు మందం రేకుల దొంతర. ఆ ఉక్కులో సిలికాన్ కలుపుతారు. 3 శాతం కలిపితే శుద్ధ ఇనుము కంటే విద్యుత్ నిరోధం నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. రేకుకూ రేకుకూ మధ్య పలుచని ఇన్సులేషన్ పూత కూడా ఉంటుంది. ఈ రెండూ ఇనుములో సుడి ప్రవాహాలు, అంటే ఇనుములోనే గిరగిరా తిరిగి దాన్ని వేడెక్కించే కరెంటు, తిరగకుండా ఆపడానికే.

జగిత్యాల రైతుబిడ్డ:

మేడమ్, గుర్తుంది. షాపు వెనక కట్టెలు పేర్చి, మధ్యలో స్టేటర్ పెట్టి కాల్చారు. మేం వెళ్లేసరికి అది నిప్పులా ఎర్రగా ఉంది. త్వరగా చల్లారాలని ఒక బకెట్ నీళ్లు కూడా పోశారు.

వైండింగ్ మేస్త్రి, అనంతపురం:

తమ్ముడూ, అదే కారణం అయ్యుంటుంది. ఆ షాపువాడిని తిట్టుకోకు, నేనూ అదే చేశాను. పని నేర్చుకున్న మొదటి మూడేళ్లు మా గురువు కాల్చమంటే కాల్చేవాడిని. వార్నిష్ మాడిపోతే కాయిల్ ఒక్క లాగుకు వస్తుంది, గంట పని పది నిమిషాల్లో అవుతుంది. ఒక వేరుశనగ రైతు మోటారు అలా చేసి పంపితే నాలుగు నెలలకు తిరిగొచ్చింది. మళ్లీ కాపర్ వేశాను, మళ్లీ వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు, బండి దింపి మౌనంగా నిలబడ్డాడు. ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు స్టేటర్ విప్పి, స్టాంపింగుల అంచులు వేలితో తడిమి చూశాను. గాడి పళ్ల దగ్గర రేకులు విచ్చుకుని, పైన నీలం, బూడిద రంగు మచ్చలు తేలి ఉన్నాయి. పూత కాలిపోయి, రేకులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలాగే పనిచేస్తున్నాయి. కరెంటు ఇనుములోనే తిరిగి ఇనుమునే కాచేస్తోంది, అందులో ఎంత మంచి కాపర్ వేసినా ఏం లాభం?

ఇప్పుడు నేను ఓవెన్‌లో పెట్టి, 350 డిగ్రీలు దాటనివ్వకుండా, ఒక వైపు కాయిల్ తల కోసి, రెండో వైపు నుంచి లాగుతాను. టైం పడుతుంది, రేకులు బతుకుతాయి.

నువ్వు వైరు కొనేముందు ఒక పని చేయించు. ఖాళీ స్టేటర్ చుట్టూ కేబుల్ నాలుగైదు చుట్లు చుట్టి, అదుపులో కరెంటు ఇచ్చి కోర్ పరీక్ష చేయమని అడుగు. ఇది మేస్త్రి చేతనే చేయించు, నువ్వు ప్రయత్నించకు. కాసేపటికి కరెంటు ఆపేసి లోపల తడిమితే, పూత పోయిన చోటు మిగతా చోట్ల కంటే ముందే కాలుతుంది. ఒకటి రెండు మచ్చలైతే రేకులు విడదీసి వార్నిష్ పోసి బతికించవచ్చు. చుట్టూతా వేడైతే ఆ స్టేటర్ మీద రూపాయి కూడా పెట్టకు, ఆ డబ్బు కొత్త మోటారుకు దాచు.

స్టేటర్ బాగుందని తేలితే కాపరే వేయించు. ఇంపెల్లర్ (నీళ్లు తోసే చక్రం) బిగించకముందు షాపులోనే ఖాళీగా తిప్పించి, క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజుల ఆంపియర్లు రాసుకో. 5 హెచ్‌పీకి సుమారు మూడు, నాలుగు వస్తే పర్లేదు. ఐదు దాటితే ఇంటికి తీసుకెళ్లకు. పైరు ఆగదు కాబట్టి ఈ వారానికి పక్క బావి వాళ్ల మోటారు అద్దెకు దొరుకుతుందేమో చూడండి. రీడింగులు వచ్చాక ఇక్కడే రాయి, చూస్తాను.