నౌపడ ఉప్పు మళ్లలోని ఎర్ర నీరు: హాలోబాక్టీరియం స్వయంపోషకమా, పరపోషకమా?

ప్రశ్న (డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని, టెక్కలి)

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారి ఊరు నౌపడ దగ్గర. ఎండలు ముదిరి, మళ్లలో ఉప్పు పేరుకొనే ముందు, అక్కడి చిక్కని నీరు దానిమ్మ రసం కలిపినట్టు ఎర్రబడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అది హాలోబాక్టీరియం వంటి సూక్ష్మజీవుల రంగు అనీ, వాటి పొరలోని బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్ ఎండను శక్తిగా మారుస్తుందనీ తరగతిలో చెప్పారు. అయితే నా నోట్సులోని పట్టికలో హాలోబాక్టీరియం పరపోషకాల గడిలో ఉంది. ఎండను వాడుకొనే జీవి తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేకపోవడం ఏమిటి? నేనే తప్పు రాసుకున్నానా?

జవాబు 1 (విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం)

నీ నోట్సులో తప్పు లేదమ్మా. శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, ఒంటిని కట్టుకోవడానికి కార్బన్ ఎక్కడి నుంచి వస్తోంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. స్వయంపోషకం (కార్బన్ డయాక్సైడ్ నుంచి కార్బన్ తీసుకొనేది), పరపోషకం (ఇతర జీవుల పదార్థాల నుంచి తీసుకొనేది) అనే మాటలు రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాయి. మనకు అన్నమే శక్తి, అన్నమే కార్బన్. మొక్కకు ఎండ శక్తినిస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కార్బన్‌నిస్తుంది. ఈ రెండు జంటలకే అలవాటుపడిన మనకు, కేంద్రకపూర్వ జీవుల్లో (బాక్టీరియా వంటి, కణంలో కేంద్రకం లేనివాటిలో) జంటలు మారిపోవడం వింతగా తోస్తుంది.

ఇక అసలు కారణం. కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చడానికి ఏటీపీ (కణంలో శక్తిని మోసే అణువు) ఒక్కటే చాలదు, ఎలక్ట్రాన్లు కూడా కావాలి. పత్రహరితం కాంతి తగిలినప్పుడు ఎలక్ట్రాన్‌ను వదులుతుంది, ఆ లోటును మొక్క నీటి నుంచి పూడ్చుకుంటుంది. బాక్టీరియోరొడాప్సిన్ అలా చేయదు. అందులోని రెటినాల్ అణువు (మన కంటిలో ఉన్నదీ ఇదే) కాంతి తగలగానే మెలితిరిగి, ఒక ప్రోటాన్‌ను కణం బయటికి నెడుతుంది. బయట పోగైన ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా లోపలికి తిరిగి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. అంతటితో సరి. చేతికి ఎలక్ట్రాన్లు రావు, కార్బన్‌ను పట్టే ఏర్పాటూ దానికి లేదు. అందుకే అది చచ్చిన కణాల నుంచి వెలువడే అమైనో ఆమ్లాల వంటి వాటిపై బతుకుతుంది. ఉప్పు చిక్కబడిన నీటిలో ఆక్సిజన్ కరగడం బాగా తగ్గిపోతుంది కనుక, శ్వాసక్రియ సాగని వేళ ఎండ దానిని ఆదుకుంటుంది. ఇటువంటి వాటిని కాంతి పరపోషకాలు అంటాము.

జవాబు 2 (పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం)

మాస్టారు చెప్పింది సరైనదే, రెండు సవరణలు మాత్రం చేర్చాలి. బాక్టీరియోరొడాప్సిన్ ఉన్న పొర ఊదా రంగులో ఉంటుంది. మడికి ఎరుపునిచ్చేది ఎక్కువగా బాక్టీరియోరుబెరిన్ అనే కెరోటినాయిడ్ (క్యారెట్ రంగు జాతికి చెందిన వర్ణకం), దానికి తోడు డునాలియెల్లా అనే శైవలంలోని బీటా కెరోటిన్. ఈ శైవలమే ఆ నీటిలో అసలు స్వయంపోషకం. ఇక పేరులో బాక్టీరియా ఉన్నా హాలోబాక్టీరియం బాక్టీరియాకు వేరైన ఆర్కియా అనే సూక్ష్మజీవుల వర్గానికి చెందినది. ఆర్కియా వేరే వర్గమని 1977లో వోస్, ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు చూపే నాటికే ఆ పేరు స్థిరపడిపోయింది.

జవాబు 3 (రొయ్యల రైతు, పూసపాటిరేగ మండలం)

మాస్టారూ, ఇది మా చెరువులకూ వర్తిస్తుందా? అమోనియా పెరిగినప్పుడు బెల్లం పానకం చల్లితే రెండు మూడు రోజుల్లో తగ్గుతోంది, కానీ నైట్రైట్ మాత్రం వారాల తరబడి దిగడం లేదు. బెల్లం మోతాదు పెంచాలేమోనని అనుకుంటున్నాను.

జవాబు 4 (విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం)

పెంచకండి. బెల్లాన్ని తినేవి పరపోషకాలు; అవి వేగంగా పెరుగుతూ అమోనియాను తమ ప్రోటీన్లలో కలిపేసుకుంటాయి, ఆ పనిలో చెరువులోని ఆక్సిజన్‌ను కూడా ఖర్చు చేస్తాయి. అమోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రోబాక్టర్ ప్రధానంగా రసాయన స్వయంపోషకాలు, అంటే ఉప్పు మడి జీవికి సరిగ్గా తలకిందులు. వాటి శక్తి అమోనియా, నైట్రైట్‌ల నుంచి వస్తుంది, కార్బన్ నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుంది. బెల్లంతో వాటికి పని లేదు. పైగా వాటికి దొరికే ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి గలవి కావడంతో, ఆ ఎలక్ట్రాన్లను కార్బన్ డయాక్సైడ్‌కు అందించడానికి సంపాదించిన శక్తిలోనే చాలా భాగం పోతుంది. అందువల్ల ఈ. కోలై (E. coli) అనే పేగుల్లోని బాక్టీరియా మంచి పరిస్థితుల్లో 20 నిమిషాలకు రెట్టింపైతే, ఇవి రెట్టింపు కావడానికి గంటల నుంచి రోజులు పడుతుంది. ఏరేటర్లు ఆపకుండా నడపండి, నీటి క్షారత పడిపోకుండా చూడండి, ఓపిక పట్టండి. ఖనిజ పదార్థాలనే ఇంధనంగా వాడుకొనే ఇటువంటి జీవనాన్ని 1880లలో గంధకపు బాక్టీరియాలో మొదట గుర్తించినవాడు రష్యన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ధన్యవాదాలండీ, రెండు ప్రశ్నలను కలిపేసుకున్నానని తెలిసింది. ఈ జంటలన్నీ ఒకేచోట కంటితో చూసే వీలుందా?

జవాబు 5 (పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం)

ఉంది, దానిని వినోగ్రాడ్‌స్కీ స్తంభం అంటారు. రైతుగారిని అడిగి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే చెరువు అడుగు నల్లబురద తెచ్చుకోండి. అందులో చింపిన వార్తాపత్రిక ముక్కలు, ఉడికించిన గుడ్డు పచ్చసొన, కొంచెం గుడ్డు పెంకుల పొడి కలిపి, పొడవైన పారదర్శక సీసాలో సగానికి పైగా నింపి, మిగిలిన భాగంలో అదే చెరువు నీరు పోసి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టండి. నెలా రెండు నెలల్లో పైన ఆకుపచ్చ పొర, బురదలో గాజును అంటి ఊదా మచ్చలు, అట్టడుగున నలుపు కనిపిస్తాయి. ఆ ఊదావి నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి కనుక ఆక్సిజన్‌ను వదలవు. మూత మాత్రం గట్టిగా బిగించవద్దు, లోపల వాయువు పోగై మా గదిలో ఒకసారి గోడంతా బురదమయమైంది.