దక్షిణ సూడాన్‌లో ఇన్ని చర్చలు, ఇన్ని సంతకాలు.. అయినా కాల్పులు ఎందుకు ఆగడం లేదు?

గోదావరి అక్క (ప్రశ్న)

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. ఈమధ్యే ఐక్యరాజ్యసమితి శాంతిదళం తరఫున దక్షిణ సూడాన్ వెళ్ళాడు. ఎక్కడ ఉన్నాడో, ఏం డ్యూటీయో ఇక్కడ రాయను. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానక్కా" అంటాడు తప్ప ఇంకో మాట చెప్పడు. దాంతో నేనే వార్తలు వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది గానీ విషయం బోధపడడం లేదు.

2015లో శాంతి ఒప్పందం అయిందట. 2016లో మళ్ళీ యుద్ధం. 2018లో ఇంకో ఒప్పందం. అధ్యక్షుడు సాల్వా కీర్, ఆయన మీద తిరగబడ్డ రియెక్ మచార్ ఇద్దరూ ఒకే ప్రభుత్వంలో కూర్చున్నారు. తీరా 2025 మార్చిలో ఆ మచార్‌నే గృహనిర్బంధంలో పెట్టారు, సెప్టెంబరులో హత్య, దేశద్రోహం కేసులు కూడా పెట్టారు. మరి ఇన్నేళ్ళూ ఆ చర్చల్లో ఏం తేల్చుకున్నట్టు? ఇద్దరికీ పడకపోవడమేనా, లోపల ఇంకేమైనా ఉందా? అక్కడి సంగతులు దగ్గర నుంచి చూసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి. వార్తల్లో దేనికి కంగారు పడాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో తెలిసినా చాలు నాకు.

పాత జూబా

అమ్మా, నేను దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో కొన్నేళ్ళు ఒక వ్యాపార సంస్థలో లెక్కలు చూసేవాణ్ణి. 2016 జులైలో మన వాయుసేన విమానంలో తిరిగొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. వచ్చేశాక కూడా ఆ దేశం సంగతులు చదవడం మానలేదు.

ఇద్దరికీ పడదన్నది నిజమే. 2013 జులైలో కీర్ ఆయన్ని ఉపాధ్యక్ష పదవి నుంచి తీసేశారు. డిసెంబరు 15న అధ్యక్షుడి రక్షణదళంలోనే కాల్పులు మొదలయ్యాయి. కీర్ డింకా, మచార్ నువేర్. గొడవ తెగల మీదికి పాకి, జూబాలో ఇళ్ళలోకి దూరి మరీ చంపారు. 2018 దాకా సాగిన ఆ యుద్ధం వల్ల దాదాపు నాలుగు లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అయితే, చర్చలు ఎందుకు నిలబడడం లేదన్న మీ ప్రశ్నకు ఇది జవాబు కాదు.

నాకు అర్థమైనంతలో అసలు ముడి ఒకటే. ప్రభుత్వం ఒకటి, సైన్యాలు రెండు. పదవుల పంపకం ఎప్పుడూ చకచకా తేలిపోతుంది. 2018 ఒప్పందం తీసుకోండి. 35 మంది మంత్రుల్లో కీర్ పక్షానికి 20, మచార్ పక్షానికి 9, మిగిలిన ఆరు తక్కిన గ్రూపులకు. ఉపాధ్యక్షులు ఏకంగా ఐదుగురు. పార్లమెంటులో 550 సీట్లు. ఎవరికెన్నో అంకెలతో సహా రాసుకున్నారు. అదే ఒప్పందంలో రెండో అధ్యాయం భద్రత గురించి. ఇరుపక్షాల సైనికులను శిబిరాలకు రప్పించి, ఏరి, కలిపి శిక్షణ ఇచ్చి 83 వేల మందితో ఒకే దళం తయారుచేయాలి. ప్రభుత్వం ఏర్పడేలోపు, అంటే ఎనిమిది నెలల్లో, ఆ పని చాలావరకు అయిపోవాలని రాసుకున్నారు. కాలేదు. 2019 మేలో ఆరు నెలలు పొడిగించారు. నవంబరులో ఉగాండాలోని ఎంటెబ్బేలో కూర్చుని ఇంకో వంద రోజులు పొడిగించారు. చివరికి 2020 ఫిబ్రవరి 22న ప్రభుత్వం ఏర్పడింది, సైన్యాలు మాత్రం కలవలేదు. మొదటి విడత శిక్షణ పూర్తిచేసి కవాతు చేసింది 2022 ఆగస్టు 30న. శిక్షణలో వాళ్ళ చేతుల్లో చెక్క తుపాకులు ఉన్న ఫొటోలు చూశాను. ఐరాస ఆయుధాల మీద ఆంక్ష పెట్టిందని ప్రభుత్వం వాదన. ఆంక్ష ఉన్న మాట నిజమే, 2018 జులై నుంచి ఉంది. కానీ ప్రభుత్వ సైన్యం దగ్గర తుపాకులకు కరువేం లేదు. అవి కొత్త దళానికి ఇవ్వాలన్న మనసే లేదు.

సైన్యాలు కలవకుండా నాయకులు ఒకచోట చేరితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. 2015 ఒప్పందం ప్రకారం మచార్ 2016 ఏప్రిల్ 26న జూబా వచ్చారు, తన సాయుధ బలగంతో సహా. ఊళ్ళో రెండు పక్షాల శిబిరాలు. జులై 7న ఒక చెక్‌పోస్టు దగ్గర గొడవై ప్రభుత్వ సైనికులు ఐదుగురు చనిపోయారు. మర్నాడు శుక్రవారం అధ్యక్ష భవనంలో కీర్, మచార్ కలిసి విలేకరులతో మాట్లాడుతుండగానే బయట వాళ్ళ అంగరక్షకులు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఎందుకు మొదలైందో తమకు తెలియదని ఇద్దరూ అన్నారు. అందులో అబద్ధం లేదనే నా నమ్మకం. శనివారం, అంటే స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్ళు నిండిన రోజు, వీధులన్నీ బోసిగా ఉన్నాయి. ఆదివారం పొద్దున ఊరి శివారు జెబెల్ వైపు నుంచి మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. ట్యాంకులు, పైన హెలికాప్టర్లు. మేం గోడౌన్‌లో సిమెంటు బస్తాల వెనక పడుకున్నాం. మాతో పనిచేసే నువేర్ కుర్రాడొకడు, చదువుకున్నవాడు, తన నుదుటి గీతలు కనబడకుండా తువ్వాలు చుట్టుకుని, తలుపు చప్పుడైనప్పుడల్లా వెనక్కి జరిగేవాడు. ఆ నుదురు చూస్తే ఏ తెగో తెలిసిపోతుంది. పైన మంత్రి పదవులు ఎవరికెన్ని వచ్చాయో వాడికి అనవసరం. వీధిలో తుపాకీ పట్టుకున్నవాడు ఎవరి మాట వింటాడన్నదే వాడి ప్రాణం. సోమవారం సాయంత్రానికి కాల్పులు ఆగాయి. కనీసం మూడు వందల మంది పోయారు. 14న 'సంకట్ మోచన్' పేరుతో రెండు సీ-17 విమానాలు వచ్చి మమ్మల్ని తీసుకొచ్చాయి. ఆ కుర్రాడు ఐరాస శిబిరంలోకి చేరాడని తర్వాత తెలిసింది.

మచార్ అడవుల్లో నడుచుకుంటూ కాంగోలోకి వెళ్ళిపోయారు. నెల తిరగకుండానే ఆయన పార్టీలోని తాబాన్ డెంగ్ గాయ్‌ను మచార్ ఉపాధ్యక్ష కుర్చీలో కూర్చోబెట్టారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎదుటి పక్షాన్ని చీల్చి చీలిన ముక్కతో ప్రభుత్వం నడపడం అక్కడ అలవాటు. 2025లోనూ మచార్ నిర్బంధంలో ఉండగా పార్టీలో ఒక వర్గం వేరే తాత్కాలిక అధ్యక్షుణ్ణి ఎన్నుకుంది. ఇక చర్చలకు ఎవర్ని పిలవాలి?

నీలిటోపీ (రిటైర్డ్)

చెల్లెమ్మా, నేను ఆ శాంతిదళం మిషన్‌లోనే, అప్పర్ నైల్ రాష్ట్రంలోని మలకాల్‌లో చేశాను. పాత జూబా గారు రాసింది జూబా వరకు నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కానీ అంతా రెండు సైన్యాల గొడవే అంటే ఒప్పుకోలేను. అప్పర్ నైల్, జొంగ్లై రాష్ట్రాల్లో తుపాకీ పట్టిన కుర్రాళ్ళలో చాలామంది ఏ సైన్యంలోనూ లేరు. 'వైట్ ఆర్మీ' అంటే పశువులను, ఊరిని కాచుకునే నువేర్ యువకులు. మచార్ పిలిస్తే వస్తారు, ఆగమంటే అందరూ ఆగరు. 2025 మార్చి మొదట్లో అప్పర్ నైల్‌లోని నాసిర్‌లో సైనిక స్థావరాన్ని పట్టుకున్నది వాళ్ళే. అక్కడున్న సైనికులను తరలించడానికి ఐరాస హెలికాప్టర్ వెళితే దాని మీదా కాల్పులు జరిగాయి. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ప్రభుత్వం మచార్ మీద మోపిన కేసు ఈ నాసిర్ ఘటన గురించే. ఒప్పందం మీద ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పెట్టిన సంతకం నాసిర్‌లో ఉన్న కుర్రాడిదాకా చేరదు. అక్కడ పనికొచ్చేది ఊరి పెద్దలను, పశువుల శిబిరాల నాయకులను కూర్చోబెట్టి చేసే చర్చలే. అవి పేపర్లో రావు. మా సివిల్ అఫైర్స్ వాళ్ళు, అంటే ఊరి జనంతో మాట్లాడే పౌర విభాగం వాళ్ళు, చెట్టు కింద చాపలు వేసి రోజుల తరబడి కూర్చునేవారు. ఒక్కోసారి ఆ మాట ఒక వానాకాలమంతా నిలిచేది.

మీ తమ్ముడి గురించి. శాంతిదళం ఎవరి తరఫునా యుద్ధం చేయదు. శిబిరాల కాపలా, గస్తీ, నైలు మీద బార్జీలకు రక్షణ, మన ఆసుపత్రి, ఇంజినీర్ల పని. వానలు పడితే దారులన్నీ బురద, అప్పుడు ఫోన్ రోజుల తరబడి కలవకపోవచ్చు. అది మామూలే, ఆందోళన పడకండి. ఎక్కడికి వెళ్తున్నావని మాత్రం అడగొద్దు. భోజనం, నిద్ర, తోటివాళ్ళు ఎలా ఉన్నారని అడగండి. నాకు మా ఇంటివాళ్ళు అడిగితే బాగుండేదనిపించిన ప్రశ్నలు అవే.

గోదావరి అక్క

ఇద్దరికీ నమస్కారాలు. ఆ కుర్రాడి గురించి చదివాక చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఒక్క సందేహం. మధ్యవర్తులు ఇంతమంది ఉన్నారు కదా, ఇగాడ్ (తూర్పు ఆఫ్రికా దేశాల కూటమి), ఆఫ్రికన్ యూనియన్, అమెరికా, బ్రిటన్, నార్వే. గట్టిగా పట్టుబట్టలేరా? 2026 డిసెంబరులో ఎన్నికలంటున్నారు, దాంతోనైనా దారిన పడుతుందా?

పాత జూబా

నీలిటోపీ గారి మాట కాదనను. జూబా బయట ఎక్కువ తిరిగినవారు ఆయనే. కాకపోతే ఆ కుర్రాళ్ళను వాడుకునేది మాత్రం జూబాలో కూర్చున్నవాళ్ళే.

మధ్యవర్తుల సంగతి. 2018 ఒప్పందానికి హామీదారులు సూడాన్, ఉగాండా. సూడాన్‌లో అధ్యక్షుడు బషీర్ 2019 ఏప్రిల్‌లో పదవి నుంచి పోయాడు, 2023 ఏప్రిల్ నుంచి ఆ దేశమే యుద్ధంలో ఉంది. 2025 మార్చిలో ఉగాండా తన సైన్యాన్ని కీర్‌కు అండగా జూబాలో దింపింది. హామీ ఇచ్చినవాళ్ళలో ఒకరు తన ఇల్లే చక్కబెట్టుకోలేక ఉన్నారు, ఇంకొకరు ఒక పక్షాన నిలబడ్డారు. పాశ్చాత్య దేశాలు డబ్బు ఆపగలవు, హెచ్చరించగలవు. జూబా వీధిలో అంగరక్షకులను మార్చలేవు.

ఈ అంగరక్షకుల విషయం చిన్నది కాదు. 2020లో ప్రభుత్వం ఏర్పడే ముందు చివరిదాకా నలిగినవాటిలో ఇదొకటి, మచార్‌కు జూబాలో రక్షణ ఎవరిదని. తన మనుషులే ఉండాలని ఆయన పట్టు. 2016 తర్వాత ఎవరైనా అదే అడుగుతారు. దక్షిణాఫ్రికా ఉపాధ్యక్షుడు డేవిడ్ మబూజా మధ్యవర్తిగా తిరిగారు. చివరికి ఆ బాధ్యత కీర్ తీసుకుంటారని ఒప్పుకున్నారు. ఐదేళ్ళ తర్వాత ఆ కీర్ ప్రభుత్వ బలగాలే మచార్‌ను ఇంట్లో బంధించాయి. మధ్యలో 2023 మార్చిలో మచార్ భార్య ఏంజెలీనా తెనీని రక్షణమంత్రి పదవి నుంచి కీర్ తీసేశారు. ఒప్పందం ప్రకారం మచార్ పక్షానికి రావలసిన ఆ శాఖను తన పక్షానికి తీసుకుని, బదులుగా హోంశాఖ ఇచ్చారు. నా దృష్టిలో ఒప్పందం విరిగింది ఆ రోజే. కాల్పులు లేకపోయేసరికి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

డబ్బు సంగతీ చూడాలి. ప్రభుత్వానికి వచ్చే ఆదాయంలో దాదాపు 90 శాతం చమురుదే. ఆ చమురు సూడాన్ గుండా పైపులో పోర్ట్ సూడాన్ చేరాలి. అక్కడి యుద్ధం వల్ల 2024 ఫిబ్రవరిలో ముఖ్యమైన పైపు పగిలింది, దాదాపు ఏడాది ఎగుమతి దెబ్బతింది. సైనికులకు నెలల తరబడి జీతాల్లేవు. జీతం రాని సైనికుడు ఒప్పందం మాట వినడమ్మా, చెక్‌పోస్టు పెట్టుకుని బతుకుతాడు.

ఎన్నికలకు ముందు శాశ్వత రాజ్యాంగం, జనాభా లెక్కలు, ఒకే సైన్యం సిద్ధం కావాలని 2018 ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇవేవీ కాకుండానే 2022లో, 2024లో గడువు పొడిగించారు. కాబట్టి ఎన్నికల తేదీ మారితే కంగారు పడకండి, ఉన్నా సంబరపడకండి.

మీరు అడిగిన అసలు సంగతి, దేన్ని చూడాలని. నాయకులు చేయి కలిపిన ఫొటోలు, "చారిత్రక" అన్న ప్రకటనలు వదిలెయ్యండి. ఫలానా మంత్రిని తీశారు, ఫలానా గవర్నర్‌ను మార్చారు అన్నవి అక్కడ రాత్రి రేడియోలో చదివే మామూలు ఉత్తర్వులు. కానీ సైన్యాధిపతిని మార్చారన్నా, మచార్ పక్షం సైనికాధికారులు జూబా వదిలి వెళ్ళిపోయారన్నా, శిక్షణ శిబిరాల నుంచి సైనికులు తమ పాత దళాలకు తిరిగిపోతున్నారన్నా శ్రద్ధగా చదవండి. కాల్పుల విరమణను పర్యవేక్షించే బృందాన్ని ఒక చోటికి వెళ్ళనివ్వలేదంటే ఆ చోట ఏదో జరుగుతోందని లెక్క. ఐరాస ప్రధాన కార్యదర్శి భద్రతామండలికి ఇచ్చే నివేదికలు నెట్‌లో దొరుకుతాయి. పొడి భాషలో ఉంటాయి గానీ, ఏ జిల్లాలో ఏమైందో తేదీలతో రాస్తారు. టీవీ కంటే అవే నయం. తమ్ముడుండే ప్రాంతం వరకు చదువుకుని, మిగతాది పక్కన పెట్టండి.