మిద్దెతోట గ్రూపులో ఏఐ జవాబులకు ఏ నియమం పెట్టాలి?

వాట్సాప్ గ్రూపులు నడిపేవారిని అడుగుతున్నా. ఎవరైనా మిరపాకు ముడత ఫొటో పెట్టగానే కొందరు దాన్ని చాట్‌జీపీటీకి ఇచ్చి, వచ్చిన జవాబును సొంత అనుభవంలా అతికిస్తున్నారు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికైతే తెల్లనల్లి. రెండింటికీ మందు వేరు. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. అదే వారంలో వేపనూనె కూడా కొడితే ఆకు మాడిపోవచ్చు. ఏఐ జవాబుల్లో ఈ తేడా చాలాసార్లు ఉండదు, భాష మాత్రం నున్నగా ఉంటుంది!

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులో ఇలాంటి జవాబుల్ని నిషేధించింది. మనకది కుదరదు. తెలుగు టైపింగ్ రానివాళ్లు మాట దిద్దుకోవడానికి ఏఐ వాడతారు, అందులో తప్పేముంది? ఏఐ రాతను పసిగట్టే టూల్స్‌నూ నమ్మలేం.

అనుకుంటున్న నియమం: ఏఐ జవాబైతే మొదటి పదమే ‘ఏఐ’. మోతాదు చెబితే డబ్బా లేబుల్ ఫొటో తప్పనిసరి. ‘నేను వాడాను’ అన్నవారు తమ మొక్క ఫొటో పెట్టాలి. అడగకుండా ఇతరుల ఫొటోలు ఏఐకి ఇవ్వకూడదు.

ఇలాంటిది అమలు చేసినవారున్నారా? ‘ఏఐ’ అని రాయడానికి మొహమాటపడి జనం జవాబులే మానేశారా? ఎవరైనా మొదటిసారి నియమం తప్పితే మెసేజ్ తీసేయాలా, విడిగా చెప్పాలా?