గేలిక్ ఫుట్‌బాల్ లీగ్ ఎలా ఫాలో అవ్వాలి?

డబ్లిన్‌వాసి: ఆఫీసులో అందరూ గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లాండ్ ఆట) గురించే, కెర్రీ, మాయో కౌంటీ టీములని ఒకటే గోల, నాకూ చూడాలనుంది కానీ స్కోరు 1-14 అని వేస్తారేంటి, అసలు లీగ్ ఎలా నడుస్తుంది, మ్యాచ్‌లు ఎందులో వస్తాయి?

కార్క్‌కుర్రాడు: 1-14 అంటే 1 గోల్, 14 పాయింట్లు, గోల్‌కి 3 పాయింట్లు బ్రో, అంటే అది మొత్తం 17. గోల్ పోస్టుల మధ్య బార్ మీదుగా కొడితే మామూలుగా 1 పాయింట్. 2025 నుంచి గోల్ ముందు గీసిన 40 మీటర్ల ఆర్క్ (వంపు గీత) బయట్నుంచి అలా కొడితే 2, దాంతో ఆట ఊపే మారిపోయింది, నాకైతే తెగ నచ్చింది. లీగ్ జనవరి చివర్లో మొదలవుద్ది, 4 డివిజన్లు, ఒక్కోదాంట్లో 8 టీములు, ఒక్కో టీముకి 7 మ్యాచ్‌లు, అడుగున రెండు కింది డివిజన్‌కి పోతాయి, అందుకే ఆఖరి రౌండ్ అస్సలు మిస్సవ్వకు.

గాల్వేఅమ్మాయి: ఆదివారం టీజీ4 (ఐరిష్ భాషా టీవీ చానెల్) పెట్టండి, ఫ్రీగా లైవ్ వస్తుంది, కామెంటరీ ఐరిష్‌లోనే కానీ స్క్రీన్ మీద స్కోరుంటుంది కదా, ఇబ్బందేం లేదు. రాత్రి ఆర్టీఈ చానెల్లో హైలైట్స్.

డబ్లిన్‌వాసి: థాంక్సండీ, ఈ ఆదివారమే చూస్తా.